రేపు సరిచేద్దామనుకున్న అంకె

వాషింగ్ మెషిన్ ఒక విడత బట్టలు ఉతికేలోపు నా ప్రోగ్రాం ఒకసారి పూర్తవుతుంది. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో నా గడియారం అదే. ఆ ఉదయం తువ్వాళ్లు మడతపెడుతూ ఫలితం చూశాను. అచ్చులో పోసిన లోహం చల్లారడానికి పట్టాల్సిన దానికి దాదాపు రెట్టింపు సమయం చూపిస్తోంది. పోత పోయకముందే అది ఎలా చల్లారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం మా ఆఫీసు పని. ఆ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చింది. మేం సొంతంగా రాసుకున్న కోడును దానికి తగ్గట్టు మార్చే పని నాకిచ్చారు. "మీకు ఓపిక ఎక్కువ కదండీ," అన్నారు మేనేజరు. తెలివి అనే మాట నా విషయంలో ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

"ఇంట్లోనే ఉంటావుగా, ఆ కర్టెన్లు కూడా ఉతికెయ్," అని పొద్దున వెళ్తూ వెళ్తూ మా ఆయన పురమాయించాడు. కర్టెన్లు మెషిన్లో వేసి మళ్లీ కోడు ముందు కూర్చున్నాను.

ఒక వరస దగ్గర ఆగిపోయాను. 0.58. ఆఫీసులో దాన్ని 'సార్ అంకె' అంటారు. కొత్తగా చేరినవాళ్లకు మొదట చెప్పేది దాని జోలికి వెళ్లొద్దనే. "అది అనుభవం మీద వస్తుంది," అని మేనేజరు చిరునవ్వు నవ్వుతారు. ఫైలు పైన 'రాసినవారు' అన్నచోట ఉన్నది ఆయన పేరే.

అది వచ్చింది అనుభవం మీద కాదు, మా అమ్మాయి జ్వరం మీద. పదకొండేళ్ల కిందట ఆ కోడు రాసింది నేను. లోహం చల్లారుతూ కుంచించుకుపోతే అచ్చుకూ దానికీ మధ్య సన్నని ఖాళీ వస్తుంది, వేడి బయటికి పోవడం నెమ్మదిస్తుంది. ఆ సంగతి పాత సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. దానికి లెక్క రాయబోతుంటే అత్తయ్య ఫోను: "పిల్ల ఒళ్లు కాలిపోతోంది. తల్లివి నువ్వా, నేనా?" ఆ లెక్క బదులు తోచిన అంకె ఒకటి పడేసి, రేపు సరిచేద్దామని పరుగెత్తాను. ఆ రేపు రాలేదు. జ్వరం ఆసుపత్రిదాకా వెళ్లింది, నేను ఉద్యోగం మానేశాను. రెండేళ్లకు తిరిగొచ్చేసరికి నా కోడు ఆయనదైపోయింది. మళ్లీ ఉద్యోగం ఇచ్చారు కదా అని నోరు మూసుకున్నాను. ఆ మూసుకోవడం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొత్త వెర్షన్ ఆ ఖాళీని తానే లెక్కవేసుకుంటోంది. పైన నా అంకె కూడా వేడిని ఆపుతుండేసరికి సమయం రెట్టింపవుతోంది. అంకె తీసేసి చూశాను. కర్టెన్లు ఉతకడం అయ్యేసరికి, ఫ్యాక్టరీలో కొలిచిన సమయంతో ఫలితం చక్కగా సరిపోయింది.

మధ్యాహ్నం మీటింగులో మేనేజరు, "లోపం కొత్త వెర్షన్‌లోనే ఉంది, పాతదే వాడదాం," అన్నారు. గప్‌చుప్‌గా దిద్దేసి ఊరుకోవచ్చు. కానీ ఆ కోడు నాదని చెప్పాలంటే, గుడ్డిగా పెట్టానని కూడా చెప్పాలి. మైకు ఆన్ చేశాను.

"లోపం ఆ అంకెలో ఉందండీ. అది పెట్టింది నేను. ఆ రోజు హడావుడిలో ఏదో తోచింది పెట్టేశాను."

"మీరా?"

"పాత కాపీలున్నాయి, తారీఖులతో సహా. చూపించమంటారా?"

చూపించమనకుండానే మేనేజరు, "సరే, మార్చేయండి," అన్నారు. 'రాసినవారు' అన్నచోట నా పేరు టైపు చేశాను.

సాయంత్రం తడి కర్టెన్లు మా ఆయన చేతికిచ్చి, ఆరేయమన్నాను. సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చున్న నన్ను అత్తయ్య వింతగా చూసింది.

"ఏంటమ్మా, ముఖం అంత వెలిగిపోతోంది?"

"నేను చేసిన తప్పు దొరికింది అత్తయ్యా."

"తప్పు దొరికితే సంతోషమా?"

"పదకొండేళ్లుగా దానికి చప్పట్లు వేరేవాళ్లు కొట్టించుకున్నారు మరి."