మూడు చుట్ల డబ్బా

పెంటయ్య ఐసు డబ్బాకు సైకిల్ ట్యూబు ముక్కను మూడు చుట్లు చుట్టి ముడి వేశాడు. డబ్బా గడియ విరిగి ఆరేళ్లయింది. కొత్తది కావాలని రాసిన కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలియదు. ముడి వేసిన చెయ్యి ఊరుకోలేదు. మళ్లీ విప్పి, ఎనిమిది రక్తం గొట్టాలూ ఉన్నాయో లేదో చూసి, మళ్లీ మూడు చుట్లూ చుట్టాడు.

"మాటిమాటికి తెరవకు కాకా, సల్లదనం పోతది," అంది డాక్టర్ ప్రణీత, ఫారం నింపుతూ.

ముస్తాబాద్ పశువుల దవాఖానలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన అటెండరు. సన్నటి మనిషి. ఎప్పుడో బర్రె తన్నితే కుడి బొటనవేలు వంకరపోయింది. ఎంత రుద్ది కడిగినా ఒంటికి ఫినాయిల్ వాసన పోదు. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు. ఊళ్లో సగంమందికి ఆయన ఇంటిపేరు తెలియదు, సూదుల పెంటయ్య అంటారు.

పొద్దున్నే ఇద్దరూ గంగారాం మంద దగ్గరికి వెళ్లొచ్చారు. గొర్రెలకు మూతులు వాచి, చొంగ కారుతోంది. నాలుకలు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. పదకొండు అప్పటికే చచ్చాయి. నీలినాలుక జబ్బే అంది ప్రణీత, కానీ ఏ రకమో కోరుట్ల ల్యాబువాళ్లే తేల్చాలి. "వేరే మందతోని గలిసినయా?" అని ఆమె అడిగితే, గంగారాం నోరు తెరిచేలోపే పెంటయ్య "లేదు మేడం" అనేశాడు. గంగారాం ఆయన ముఖం చూసి ఊరుకున్నాడు.

కలిశాయి. ఇరవై రోజుల కింద, వరి కోసిన పెంటయ్య రెండెకరాల్లోనే కలిశాయి. ఎరువు కోసం పొలంలో మంద కట్టించుకోవడం అందరూ చేసేదే. ఒక్క మంద సరిపోయేది. ఆశకొద్దీ చందుర్తి నుంచి బామ్మర్ది చిన్నయ్య మందను కూడా రప్పించి, రెండిటినీ మూడు రాత్రులు ఒకే చోట ఆపాడు. ఆ మూడు రాత్రులూ సన్న దోమలు రెండు మందలనూ కుట్టాయి.

"గీ జబ్బు పురుగు కంటికే కానరాదు గదా మేడం," అన్నాడు పెంటయ్య, ఆమె నింపుతున్న ఫారం వైపు చూస్తూ. "గింత మందను ఎట్ల పండవెట్టింది?"

"దాంట్ల పది ముక్కలుంటయి కాకా. ముందుగాల అన్నిట్ల చిన్న ముక్క మొదలువెడ్తది. దాన్ని ఇంకోటి పట్టుకుంటది, దాన్ని ఇంకోటి. పదీ జతగూడినంకనే పురుగు పైగుల్లలకు పోతయి. ఒక్కటి తక్కువైనా ఉత్తదే."

"మరి ఒక్క గొర్రెల రెండు రకాలు వడితే?"

"గప్పుడే లొల్లి. గీ రకం ముక్కలల్ల గా రకం ముక్క దూరుతది. లెక్క పదే, గని పురుగు కొత్తది. మన టీకాకు లొంగకపోవచ్చు. గీడ ఒక్కటే మంద గాబట్టి, ఒక్క రకానికే చూడుమని రాసిన."

పెంటయ్య డబ్బా ముడిని మళ్లీ బిగించాడు. నాలుగో రోజు పొద్దున మందలు విడదీసినప్పుడు రెండిటి లెక్కా సరిపోయింది. సరిపోయింది కాబట్టి ఎవరూ మళ్లీ చూడలేదు. వారం తర్వాత గంగారాం చెవిగాట్లు చూస్తే, తన మందలో చిన్నయ్య గొర్రె ఒకటి ఉంది. తనది అటు పోయింది.

డబ్బా ఎడమ భుజానికి తగిలించుకుని బస్సెక్కాడు. సిరిసిల్లలో దిగి, మరమగ్గాల చప్పుడు మధ్య అటూ ఇటూ తిరిగాడు. కోరుట్ల బస్సులో సీటు దొరికినా కుదురుగా కూర్చోలేదు. భుజం లాగుతోందని డబ్బాను కుడివైపుకు మార్చాడు. నొప్పి మాత్రం ఎడమవైపే ఉండిపోయింది. వేములవాడ దాటాక చిన్నయ్యకు ఫోన్ చేశాడు.

"గొర్లు ఎట్లున్నయ్‌రా?"

"నాలుగిటికి మూతులు వాచినయ్ బావా. నీకు దండం వెడ్త, ఎవ్వలకు చెప్పకు. ఎల్లుండి సంతకు తోల్తన్న."

సంతకు పది ఊళ్ల మందలొస్తాయి. పెంటయ్య చందుర్తిలో దిగిపోయాడు.

చిన్నయ్య బతిమాలాడు, తిట్టాడు, చివరికి అలిగి గట్టు మీద కూర్చున్నాడు. పెంటయ్య ఒక్కో గొర్రెను మోకాళ్ల మధ్య పట్టి, వంకర వేలితో మెడనరం తడిమి సూది గుచ్చాడు. సంచిలో ఎప్పుడూ ఉండే ఖాళీ గొట్టాలు నాలుగూ నిండాయి. ఒక్కొక్కదాని మీదా చందుర్తి అని రాసి డబ్బాలో పెట్టాడు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"తోలకు చిన్నయ్యా. తప్పు నాది. నీ గొర్లను రమ్మన్నది నేనే," అన్నాడు. చిన్నయ్య ముఖం తిప్పుకున్నాడు. కాసేపటికి లేచి, దొడ్డి తడికె లాగి మూసేశాడు.

కోరుట్ల చేరేసరికి ల్యాబు మూసే వేళయింది. ల్యాబులో పనిచేసే వసంత ఫారం అందుకోబోతే, పెంటయ్య దాన్ని వెనక్కి తీసుకుని, పెన్ను అడిగి, 'లేదు' అన్న మాట కొట్టేశాడు. 'కలిసినవి. నా పొలంలో, రెండు మందలు, మూడు రాత్రులు' అని రాసి సంతకం పెట్టాడు.

"మేడం రాసింది మీరెట్ల కొట్టేస్తరు?"

"అబద్ధం చెప్పింది నేను బిడ్డా."

అక్కణ్నుంచే ప్రణీతకు ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"పొద్దుగాలనే చెప్తే ఏమైతుండె కాకా?"

"సిగ్గైంది మేడం."

ఆమెకు కోపం వచ్చింది. కానీ ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన నోట ఆ మాట ఎవరూ విని ఉండరు. "సరే, చందుర్తి మందను నేను చూస్త. నువ్వు పైలంగ రా," అంది.

పెంటయ్య వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ ఆయన కుదురుగా కూర్చోవడం అదే మొదటిసారి. గొట్టాలు ఫ్రిజ్‌లో సర్ది, డబ్బా తుడిచి తీసుకొచ్చిన వసంత "కాకా" అని పిలిచింది. రెండోసారి భుజం తట్టింది. ఆయన గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. పిలుపు అందే దూరంలో లేడు.

ఆరో రోజున ఫలితం వచ్చింది. ఒక్కో మందలో ఒక్కో రకం, గంగారాం గొర్రె ఒకదానిలో రెండూ ఉన్నాయి. అప్పటికే ప్రణీత ఊరూరూ తిరిగి సంతకు గొర్రెలు వెళ్లకుండా ఆపించింది. ఫలితం కాగితం పట్టుకుని దవాఖానకు వచ్చి, చెప్పడానికి పెంటయ్య లేక, మందుల గదిలో ఒక్కతే ఏడ్చింది.

కోరుట్ల నుంచి బస్సులో తిరిగొచ్చిన ఐసు డబ్బా అక్కడే మూలన ఉంది. దాని మూత మీద సైకిల్ ట్యూబు ముక్క ఒక్కటే చుట్టు చుట్టి ఉంది.