ఇరవై మూడు మాత్రలు

లైదీ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున్నే ఆమె భర్త హాన్‌చాంగ్ బతికున్న కొర్రమీను ఒకటి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. సంచీలో అదింకా కొట్టుకుంటోంది. "నీకోసమే తెచ్చా. ఆపరేషన్ కోతలకి దీన్ని మించింది లేదంటారుగా. రేవు దాకా వెళ్ళి ఏరి మరీ తెచ్చా," అని చేతులు కడుక్కుని ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. లైదీ సంచీ వంక కాసేపు చూసింది. కాలేయం కుడివైపు భాగం కోసి తీసేసి పదిహేను రోజులైంది. పక్కటెముకల కింద అడ్డంగా ఉన్న కోతలో, కుడి చెయ్యి పైకెత్తితే చాలు, కుట్లన్నీ ఒక్కసారి లాగినట్టయ్యేది. చేపని ఎవరు కొట్టాలి, ఎవరు పొలుసు గియ్యాలి, ఎవరు వండాలి అన్న మాట ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా ఎవరి నోటా రాలేదు. ఆమె ఎడం చేత్తో కత్తి అందుకుంది.

అల్లం వేసి తెల్లగా పాలలా మరిగేదాకా కాచింది. పెద్దావిడ కాబట్టి మొదటి గిన్నె అత్తగారికి. రెండోది హాన్‌చాంగ్‌కి. అడుగున మిగిలిన తోక ముక్క, గరిటెడు చారు తను నిలబడే తాగింది. ముందు గదిలోంచి అతను కేకేశాడు. "బ్రహ్మాండంగా ఉంది! నువ్వు తాగావా?"

"తాగాను," అంది లైదీ. కోపం రాలేదు. రావాలేమో అనుకుని ఒక్క క్షణం ఆగి చూసుకుంది కూడా. ఏమీ లేదు. గిన్నెలు కడిగింది.

నాలుగేళ్ళ కిందట ఇదే జబ్బు హాన్‌చాంగ్‌కి వచ్చింది. అదే ఆస్పత్రి, అదే సర్జన్, ఇంచుమించు అదే కోత. ఛీదోంగ్ వైపు ఇదేమీ వింత జబ్బు కాదు. యాంగ్జీ నది సముద్రంలో కలిసే ఆ ఊళ్ళలో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు కాలేయం పాడైపోయి పోతూనే ఉంటారు. లైదీ తల్లి నలభై రెండేళ్ళకే అలాగే పోయింది. హాన్‌చాంగ్ రక్తంలో హెపటైటిస్ ఉందని తెలిసిన రోజు నుంచి ఆరునెలలకోసారి స్కానింగ్‌కి బస్సెక్కించి తీసుకెళ్ళింది లైదీయే. అందుకే అతని గడ్డ మూడు సెంటీమీటర్లప్పుడే దొరికింది. అతను ఆస్పత్రిలో ఉన్న పద్నాలుగు రోజులూ మంచం పక్కన మడతకుర్చీలో పడుకుంది. పొట్టలోంచి వచ్చే గొట్టం సంచీ ఖాళీ చేసింది. ఇంటికొచ్చాక కేలండర్ మీద మాత్ర వేసిన ప్రతిరోజూ గీత పెట్టింది. అతను దాచుకున్న బియ్యం సారా తీసుకెళ్ళి మురుగ్గుంటలో పోసి, "నా ఇంట్లో నామీద పోలీసువా నువ్వు?" అని తిట్లు తింది. ఏడాది గడిచాక సర్జన్ స్కాన్ చూసి అతని భుజం తట్టి, "గట్టి శరీరం మీది," అన్నాడు. హాన్‌చాంగ్ ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ రోజే సర్జన్ లైదీ వైపు తిరిగి, "మీ అమ్మగారికీ ఉండేదన్నారుగా, మీరూ చూపించుకోండి," అన్నాడు. ఆమె తల ఊపింది. కానీ ఎప్పుడు? అత్తగారికి అప్పుడే పక్షవాతం వచ్చి కుడి కాలు, చెయ్యి పడిపోయాయి. పైగా దుప్పట్లు కుట్టే షెడ్డులో పని. హాన్‌చాంగ్ జబ్బు సంగతి తెలిశాక అక్కడి మేస్త్రీ అందరి ముందూ, "నీ గిన్నె, నీ గ్లాసు ఇంటి నుంచి తెచ్చుకో. ఏమనుకోకు," అన్నాడు. కలిసి తింటే అంటుకునే రోగం కాదని ఆమెకి తెలుసు. అయినా తెచ్చుకుంది. తనకీ ఉందని తేలితే ఆ పని కూడా ఉండదు. అలా అలా మూడేళ్ళు దాటించింది. చివరికి అన్నం సయించక, బట్టలు వదులైపోయి వెళ్తే గడ్డ ఏడు సెంటీమీటర్లు.

"మా వంశంలో ఈ రోగం లేదమ్మా. నువ్వు కాపురానికొచ్చాకే వచ్చింది. ముందు వాడికంటించావు, ఇప్పుడు నువ్వు తెచ్చుకున్నావు," అంది అత్తగారు మంచంలోంచి. సగం పడిపోయిన నోటితో కూడా ఆ మాట స్పష్టంగానే వచ్చింది. మామగారు ఏ జబ్బుతో పోయాడో లైదీకి తెలుసు, అత్తగారికీ తెలుసు. లైదీ ఆ ముసలామె చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టింది.

మూడు నెలలపాటు బరువులెత్తొద్దని డాక్టర్లు చెప్పారు. లైదీ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అత్తగారిని చూసుకోవడానికి ఆడపడుచు వచ్చి ఉంది. లైదీ వచ్చిన సాయంత్రమే, "వదిన వచ్చేసిందిగా," అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. రోజుకి ఆరుసార్లు ఆ మనిషిని మంచం మీంచి దొడ్డికుర్చీలోకి, మళ్ళీ మంచం మీదకి ఎత్తాలి. హాన్‌చాంగ్‌ని ఒకసారి పిలిచింది. "అమ్మకి సిగ్గు. నేను పట్టుకుంటే ఒప్పుకోదు. ఆడవాళ్ళ పని కదా," అన్నాడు. నిజమే, ఒప్పుకోదు. ఆమె ఎత్తింది. కోత చుట్టూ చర్మానికి స్పర్శ లేదు. లోపలేదో జారినట్టు మాత్రం అనిపించేది.

ఆరో వారంలో ఒక పొద్దున హాన్‌చాంగ్ గంజి తాగుతూ, "నా మాత్రలు అయిపోయాయి," అన్నాడు. ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. ఆపరేషన్ అయినవాళ్ళు ఆ మాత్ర ఒక్క రోజు కూడా మానకూడదు. మానితే వైరస్ లేస్తుంది, వైరస్ లేస్తే గడ్డ మళ్ళీ రావచ్చు. ఇన్నేళ్ళూ పట్నం వెళ్ళి తెచ్చింది లైదీ. ఇప్పుడామె రెండు గంటలు బస్సులో కూర్చునే స్థితిలో లేదు.

"నువ్వెళ్ళి తెచ్చుకోకూడదూ?" అంది.

"సోమవారం వెళ్తాలే."

సోమవారం వాన. మంగళవారం ఎవరింట్లోనో చదరంగం. రెండు రోజులు ఆమె అతని గిన్నె పక్కన, తను రోజూ మాత్ర పెట్టే చోటు ఖాళీగా ఉండటం చూస్తూ కూర్చుంది. మూడో రోజు తన పెట్టెలోంచి ఒక మాత్ర తీసి అక్కడ పెట్టింది. అదే మందు, అదే తెల్ల మాత్ర. అతను పేపరు చూస్తూనే నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. ఎక్కణ్ణించి వచ్చిందని అడగలేదు. మర్నాడూ పెట్టింది, ఆ మర్నాడూ. ఆస్పత్రి ఇచ్చింది ఒక మనిషికి రెండు నెలలకి సరిపడానే. ఒక పెట్టె ఇద్దరికి రాదు. త్యాగం చేస్తున్నానని ఆమె అనుకోలేదు. అసలేమీ అనుకోలేదు. చెయ్యి తనంతట తనే వెళ్ళింది, నాలుగేళ్ళుగా వెళ్ళినట్టే. ఇరవై మూడు రోజుల తర్వాత, కాస్త కూర్చోగలిగిన రోజున, తనే బస్సెక్కి వెళ్ళి ఇద్దరికీ తెచ్చింది.

మూడు నెలల పరీక్షకి హాన్‌చాంగ్ కూడా వచ్చాడు. తన స్కానింగూ అదే రోజు. వరండా బల్ల మీద ఫంగ్ అక్క కనిపించింది. వార్డులో లైదీ పక్క మంచం ఆవిడది. అవతలి ఒడ్డున ఛోంగ్‌మింగ్ దీవిలో కూరగాయలు పండించుకునే విధవ, అరవై దాటింది. హాన్‌చాంగ్ చీటీల కోసం లైనులోకి వెళ్ళగానే ఆవిడ లైదీని పైనుంచి కిందకి చూసింది.

"ఇదేం వాలకమే! నాకంటే పదేళ్ళు చిన్నదానివి, నాకు అత్తలా ఉన్నావు. నన్ను చూడు, రెండు కిలోలు పెరిగా."

"నీకెవరు వండుతున్నారక్కా?"

"ఎవరు వండుతారు, నేనే. ఒక్క గిన్నెడు. తింటా, పడుకుంటా, లేస్తా. అంతే." ఆవిడ గొంతు తగ్గించింది. "వార్డులో చూశావుగా. మగవాళ్ళ మంచాల పక్కన ఒక్కో పెళ్ళాం, మన మంచాల పక్కన ఖాళీ కుర్చీలు. నాకు మొగుడు పోయాడు కాబట్టి ఖాళీ. నీకేమైంది?"

లైదీ చీటీల లైను వైపు చూసింది.

"నా ఇంట్లో తూర్పు గది ఊరికే పడుంది. వచ్చి ఉండు. ఏం చెయ్యక్కర్లేదు."

"ఏం చెయ్యకుండా ఎలా?"

"మొదటి వారం కష్టంగానే ఉంటుంది. తర్వాత అలవాటవుతుంది," అని ఫంగ్ అక్క తన పిలుపు రాగానే లేచి వెళ్ళింది.

లోపల డాక్టర్ వెన్ అనే అమ్మాయి ఉంది. ఆపరేషన్ అయినవాళ్ళలో ఎవరు నిలబడుతున్నారు, ఎవరికి తిరగబెడుతోంది, ఎందుకు అని అందరి వివరాలూ రాసి పెట్టేది ఆమే. లైదీ స్కాన్‌లో గడ్డ జాడ లేదంది. హాన్‌చాంగ్ గట్టిగా ఊపిరి వదిలాడు. కానీ కోత దగ్గర కండ పొర విడిపోయి పేగు ముందుకు వస్తోంది. రక్తంలో వైరస్ బాగా పెరిగింది.

"బరువులెత్తారా?"

"ఇంట్లోనే ఉంటుంది డాక్టరుగారూ, ఏ పనీ లేదు," అన్నాడు హాన్‌చాంగ్.

డాక్టర్ వెన్ రాయడం ఆపి లైదీ వంకే చూసింది. "మాత్రలు మానేశారా?"

"దీనికి మొదట్నించీ తన ఒంటి మీద శ్రద్ధ లేదండీ. మూడు నెలలకే మందులు మర్చిపోతే ఎలా? నేను నాలుగేళ్ళుగా ఒక్క రోజు మానలేదు, అడగండి."

"ఇరవై మూడు రోజులు మానేశాను," అంది లైదీ.

"ఎందుకు?"

"మా ఆయనవి అయిపోయాయి. నావి ఆయనకి వేశాను."

హాన్‌చాంగ్ మొహం ఎర్రబడింది. "నేనేమన్నా నీ మాత్రలు అడిగానా?"

"లేదు," అంది లైదీ. "నువ్వు అడగలేదు."

అది నిందలా రాలేదు. ఉన్న మాటలా వచ్చింది. ఆ మాట తన చెవులకి వినపడ్డాకే ఆమెకి అర్థమైంది. అతను ఏనాడూ ఏదీ అడగలేదు. అడగాల్సిన అవసరం రాకుండా తనే చూసింది. రేపు ఆ గిన్నె పక్కన ఏమీ పెట్టకపోతే అతను లేచి వెతుక్కుంటాడేమో. వెతుక్కోడేమో. ఆ రెండింట్లో ఏది జరుగుతుందో తెలుసుకోవాలని కూడా ఆమెకి అనిపించలేదు.

హాన్‌చాంగ్ ఏదో అనబోయి, తన స్కానింగ్‌కి వేళైందని లేచి వెళ్ళాడు. తలుపు దగ్గర ఆగి, "అయ్యాక గేటు దగ్గర ఉండు. నాలుగింటి బస్సు పట్టుకోవాలి, అమ్మ ఒక్కతే ఉంది," అన్నాడు.

డాక్టర్ వెన్ కాయితం చివరికొచ్చింది. మూడు నెలలకోసారి ఇంటికి ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కుంటామని చెప్పింది. "నంబరు ఇదేగా, మీ ఆయనది?"

"ఆ నంబరుకి చేస్తే నేనుండనండీ."

ఆ అమ్మాయి కలం కింద పెట్టేసింది. లైదీ చెయ్యి పట్టుకుంది. "అలా అనకండి ఆంటీ. గడ్డ తిరగబెట్టలేదు. మాత్రలు సరిగ్గా వేసుకుని విశ్రాంతి తీసుకుంటే చాలా ఏళ్ళు ఉంటారు. చావు గురించి ఇప్పుడెందుకు?"

"చావు గురించి కాదమ్మా," అంది లైదీ. "ఛోంగ్‌మింగ్‌లో ఉంటాను. రాసుకో."