గోడ మీద ఈదమ్మ

గొర్లు కాసి వచ్చాక గుర్వయ్యకు గోడ మీద బొమ్మలు గీయడమే సరదా. బొగ్గుతో, ఎర్రమట్టి జాజుతో కండలు తిరిగిన ఆడవాళ్లనే గీసేవాడు. "నన్నొకపారి గియ్యరాదు," అని భార్య సైదమ్మ అడిగితే, "నీల ఏమున్నది గియ్యనీకి, కండ లేదు, బొక్కలే గద," అని నవ్వేవాడు.

బావి కాడ మోట తోలుతున్న ఈదమ్మను చూసి ఒక ఎండాకాలం నిలువెత్తు బొమ్మ గీశాడు. చూసింది చూసినట్టు గీసే అలవాటు కనుక ఆమె చేతి మీది తేలు పచ్చబొట్టునూ వదల్లేదు. తర్వాత ఈదమ్మ కమ్యూనిస్టు దళంలో కలిసింది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు సిపాయిలు తేలు పచ్చబొట్టు మనిషి కోసం ఊరు చుట్టుముట్టారు.

"ఎవర్రా గిది?" అన్నాడు జమేదారు బొమ్మను చూసి.

"ఎల్లమ్మ తల్లి, దొరా."

"ఎల్లమ్మకు తేలు ఎవడు పొడిచిండ్రా?"

బూటుకాళ్లకు పళ్లు రాలినా గుర్వయ్య మాట మార్చలేదు. తల్లి పేరున ఆడిన అబద్ధాన్ని తల్లే కాయాలి కదా అనుకున్నాడు.

గడపలో నిలబడ్డ సైదమ్మ మెల్లగా అంది. "సాయిలు చెల్లె ఈదమ్మ, దొరా. వాళ్లన్న గొర్ల దొడ్డిల దాగున్నది."

ఈదమ్మను జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. వాగు దిక్కు నుంచి రెండు తుపాకీ దెబ్బలు వినిపించాయి.

మర్నాడు సైదమ్మ గోడంతా పేడతో అలికింది. ఆరినాక జాజు ముంత తెచ్చి మొగుని ముందు పెట్టింది.

"ఇగ నన్ను గియ్యి," అంది. "చేతులు జర లావుగ గియ్యి."