మూడు వేళ్ళ ఖాళీ

తమ్ముడి కుడిచేతి వేళ్ళు మూడు నుజ్జయిన రోజున ఆమె వర్క్‌షాపులో లేదు. డ్రిల్లింగ్ మిషన్‌లో చెయ్యి పెట్టాడని ఆమె భర్త చెప్పాడు. ఆసుపత్రిలో తమ్ముడు గోడవైపు తిరిగి పడుకుని అదే మాట అన్నాడు. డాక్టర్లు ఆ మూడు వేళ్ళూ తీసేశారు.

ఆమె నమ్మలేదు. ఆ మిషన్‌ను తమ్ముడు పసిబిడ్డను సాకినట్టు సాకాడు. పైగా భర్త చెయ్యి ఎలా లేస్తుందో ఆమెకు తెలుసు. ఆమె ఎడమచెవి సరిగ్గా వినిపించకపోవడం దాని చలవే.

ముగ్గురూ ఆ వర్క్‌షాపులోనే పనివాళ్ళు. తీరిక దొరికినప్పుడల్లా తమ్ముడు, రాళ్ళెక్కే రిమోట్ బండి కోసం సొంతంగా ఒక ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, కట్టుకున్నాడు. రెండు అల్యూమినియం పక్కబద్దలు కోసి, అడ్డకమ్మీలతో కలిపాడు. బరువు ముందు చక్రాల మీద పడేలా బ్యాటరీని బాగా కిందికి దించాడు. అందుకే ఆ బండి నిటారు రాయి మీదికి కూడా వెనక్కి పల్టీ కొట్టకుండా బల్లిలా కరుచుకుని పాకేది. అలాంటి బళ్ళ పోటీ పెట్టి, అందులో గెలిచినవాడిని కొత్త నమూనాల విభాగానికి పెద్దను చేస్తానని, అందరూ మేస్త్రి అని పిలిచే ముసలి యజమాని ప్రకటించాడు. ఆ తర్వాతే తమ్ముడి చెయ్యి పోయింది, ఛాసిస్ భర్త చేతికి వచ్చింది. "మేమిద్దరం కట్టిందే" అని మొదలుపెట్టిన మనిషి, పోటీనాటికి "నేను కట్టిందే" అనే దాకా వచ్చాడు.

వర్క్‌షాపు పెరట్లో బండరాళ్ళు పేర్చారు. తమ్ముడు కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఖాళీ పీపా మీద కూర్చున్నాడు.

"ఏం బావమరిదీ, ఈల వెయ్యవేం? ఎడంచెయ్యి మిగిలే ఉందిగా!" అన్నాడు భర్త.

నలుగురు పకపకా నవ్వారు. నవ్విన ముఖాలను ఆమె ఒక్కొక్కటిగా చూసి పెట్టుకుంది.

భర్త రిమోట్ నొక్కాడు, బండి కదిలింది. మొనదేలిన రాయి మీద దాని పక్కబద్ద కీచుమని గీరుకుంది. జారబోయి, పట్టు దొరికించుకుని పైకి చేరింది. మేస్త్రి వచ్చి ఆమె భర్త భుజం తట్టాడు. చప్పట్ల మధ్య ఆమె వెళ్ళి బండిని ఎత్తి వెల్లకిలా తిప్పింది.

రాయి గీరిన చోట నల్లరంగు లేచిపోయింది. కింద లప్పం పెచ్చులుగా ఊడుతోంది. మచ్చలేని బద్దకు లప్పం దేనికి? ఆమె గోటితో గీకింది. గళ్ళు గళ్ళుగా గాట్లు బయటపడ్డాయి. అవి, వస్తువును కదలకుండా బిగించి పట్టే బెంచి వైస్ ఇనుప దవడల పళ్ళ గుర్తులు.

అల్యూమినియాన్ని వైస్‌లో బిగించేముందు, గాట్లు పడకుండా దవడలకు రాగిరేకు తొడగనివాడు ఆ వర్క్‌షాపులో లేడు. తమ్ముడైతే సబ్బుబిళ్ళను బిగించమన్నా రేకు కోసం వెతికే రకం. ఒళ్ళు తెలియని కోపంలో ఉన్నవాడే అది మరిచిపోగలడు.

బద్ద అంచున పళ్ళు లోతుగా దిగాయి. ఆ పక్కనే లోహం నున్నగా ఉంది. అక్కడ దవడకూ బద్దకూ మధ్య ఏదో అడ్డుపడింది. ఆమె ఆ ఖాళీ మీద తన వేళ్ళు మూడు ఆనించింది. సరిగ్గా పట్టాయి.

"తమ్ముడూ, ఇలా రా."

"వద్దక్కా, వదిలెయ్. నీ కాపురం..."

"నా కాపురం సంగతి నేను చూసుకుంటాను. డ్రిల్లు బెజ్జం పెడుతుంది గానీ ఇలా కరవదు. ఎవరు బిగించారు?"

తమ్ముడు పీపా దిగి వచ్చాడు. "బావే. ఛాసిస్ ఇవ్వనన్నాను. నా చెయ్యి బద్దకు ఆనించి వైస్ పిడి తిప్పాడు. నోరు విప్పితే ఇంట్లో నీకూ ఇదే గతి అన్నాడక్కా."

"నోర్ముయ్యరా!" భర్త చేతిలోని రిమోట్ ఆమె నోటి మీద పడింది. పన్ను విరిగింది. రెండోసారి కొట్టాడు, పెదవి చీలింది. రక్తం ఛాసిస్ మీద కారుతున్నా ఆమె దాన్ని వదలలేదు. అడ్డం వచ్చిన తమ్ముణ్ణి కట్టు మీదే తన్నాడు. తమ్ముడు కేకపెట్టి కూలబడ్డాడు.

అప్పుడు కదిలారు జనం. ఇందాక నవ్వినవాళ్ళే ముందు దూకారు. భర్తను జుట్టు పట్టి లోపలికి ఈడ్చారు, కడుపులో గుద్దారు, కుడిచెయ్యి వైస్‌లో దూర్చి పిడి తిప్పారు. కణుపుల మీద చర్మం చిట్లింది. అతని అరుపుకి రేకుల కప్పు దద్దరిల్లింది. మేస్త్రి తల తిప్పుకుని "కానివ్వండి" అన్నాడు.

ఆమె రక్తం ఉమ్మి, వాళ్ళను తోసుకుని వచ్చి పిడి పట్టుకుంది.

"నీ మొగుణ్ణే! నీ కాళ్ళు పట్టుకుంటా!"

"నీ వేళ్ళు నాకెందుకు? నీ నోరు కావాలి. చెప్పు, అందరూ వినేలా."

అతను ఏడుస్తూ మొత్తం చెప్పాడు.

"సరేనమ్మా, ఇక లోపల్లోపలే సర్దుకుందాం" అన్నాడు మేస్త్రి.

"సర్దుకుంటే వీళ్ళ దెబ్బలే మిగుల్తాయి మేస్త్రీ. వీడు చేసిన నేరం మాత్రం మాసిపోతుంది. పోలీసులను పిలవండి. విన్నది మీరూ చెప్పాలి, నవ్వినవాళ్ళూ చెప్పాలి. వీణ్ణి కొట్టింది కూడా దాచకుండా చెప్పండి. అంతవరకూ ఈ చెయ్యి ఇక్కడే ఉంటుంది."

మేస్త్రి ఫోన్ తీశాడు. అంతలో తమ్ముడు గోడ పట్టుకుని లేచి వచ్చాడు. ఎడమచేత్తో అరలోంచి రాగిరేకు తొడుగులు రెండు తీశాడు.

"అక్కా, కొంచెం వదులు చెయ్యి."

ఆమె పిడిని కాస్త వెనక్కి తిప్పింది. దవడలకూ బావ చేతికీ మధ్య అతను రేకులు జాగ్రత్తగా దూర్చాడు. అవి కుదురుకున్నాక ఆమె మళ్ళీ, చెయ్యి ఊడిరానంత మేరకే బిగించింది.