నీళ్ల మీద తిరిగిన జీడితోట

నేను ఒక స్పీడుబోటును. నిజం చెప్పాలంటే ఇప్పుడు సగం బోటునే. నా వెనక సగాన్ని ఎక్కడ పారేశారో నాకు తెలియదు. నాకు ఈ గతి పట్టించినవాడి పేరు పొట్నూరి ఉమామహేశ్. పేరు దాచి మర్యాద చూపించే అలవాటు నాకు లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో అద్దాల తలుపుల కొట్టు పెట్టుకుని దీవుల టూర్లకు టిక్కెట్లు అమ్ముతాడు. మెడలో రుద్రాక్ష, చేతిలో రెండు ఫోన్లు. ఎవరు కనబడినా "అన్నా" అంటాడు. వాడు అన్నా అన్నవాడెవడూ ఇంతవరకూ బాగుపడలేదు.

వాడి సంగతి తర్వాత. ముందు నా పుట్టుక చెప్పాలి, ఎందుకంటే అది చెప్పుకోదగ్గ పుట్టుక.

నన్ను కాకినాడలో ఒక రేకుల షెడ్డులో పోశారు. చెక్క పడవను చెక్కుతారు, మమ్మల్ని అచ్చులో పోస్తారు. అచ్చుకు మైనం రాసి, రంగు కొట్టి, గాజుపీచు గుడ్డ పొర మీద పొర వేసి, జిగురు పట్టించారు. ఆ జిగురు వాసనకు షెడ్డు పక్క ఇళ్లవాళ్లు రోజూ గొడవకు వచ్చేవారు. ఆరిన తర్వాత నన్ను అచ్చులోంచి ఊడదీసి తిరగేస్తే మేస్త్రీ నా వీపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి విన్నాడు. గట్టిగా మోగాను. "ఇది ఎవడికో గాని వాడు అదృష్టవంతుడు" అన్నాడు. మేస్త్రీ మాట సగమే నిజమైంది, ఆ సగం మాత్రం నావల్లే నిజమైంది.

నన్ను కొన్నవాడు మడ్డు బైరాగి. ఉద్దానం వైపు సముద్రపొడ్డు పల్లెలో పుట్టాడు. మీసాలు మొలవకముందే మేనమామ వెంట అండమాను వచ్చి, చాలా ఏళ్లు పరాయివాళ్ల పడవల్లో వల లాగాడు. వల లాగేవాడికి చేప వాసన తప్ప ఏమీ మిగలదని పెళ్లాం ఎర్రమ్మ రోజూ పోరేది. చివరికి ఒకరోజు ఆమే తేల్చేసింది. ఎర్రమ్మకు తల్లి నీలమ్మ ఇచ్చిన జీడితోట ఒకటి ఊళ్లో ఉంది. అది అమ్మి నన్ను కొన్నారు. అమ్మిన రోజు ఎర్రమ్మ ఏడవలేదట. "నేల మీదుంటే ఏడాదికి ఒక్క కాపు. నీళ్ల మీదైతే రోజూ కాపే" అందట. అంటే నేను బోటును కాదు, జీడితోటను. కాకపోతే నాకు వేర్లు లేవు, రెండు ఇంజన్లున్నాయి.

నా పక్కన తెల్ల అక్షరాలతో "నీలమ్మ" అని రాయించారు. ఆర్నెల్లు కూడా గడవకముందే ఉమామహేశ్ వచ్చి దాని మీద రంగు పూయించి "సీ ప్రిన్సెస్" అని రాయించాడు. టూరిస్టులు నీలమ్మ ఎక్కరంట, ప్రిన్సెస్ అయితే ఎక్కుతారంట. ఎర్రమ్మ ఇంతెత్తున లేచింది.

"మాయమ్మ పేరు మీద రంగేసీసినాడు, ఆడి సెయ్యి పడిపోను! నువ్వేటి నోరు మూసుకుని సూస్తన్నావు మావా?"

"పేరేదైతే ఏటే? నీళ్లకి సదువొచ్చేటి?" అన్నాడు బైరాగి. ఆయన మాత్రం చివరిదాకా నన్ను నీలమ్మా అనే పిలిచాడు.

ఇక నా పని. సగం రోజు టూరు. పొద్దున్నే జెట్టీ దగ్గర జనాన్ని ఎక్కించుకోవడం, గుండ్రాళ్ల దీవి దగ్గర ఆగి పగడపు దిబ్బలు చూపించడం, తెల్లదిబ్బ దగ్గర నడుము లోతు నీళ్లలో ఈతకు దింపడం, ముంతదీవిలో కొబ్బరి బొండాలు తాగించి, మళ్లీ ఓ మునక వేయించి, మధ్యాహ్నం భోజనానికి ఒడ్డున దింపేయడం. ఆ దారిలో నాతో పోటీ పడిన బోటు లేదు. ఇది గొప్ప కోసం చెప్పడం కాదు, జెట్టీలో ఎవరినైనా అడగండి. బైరాగి ఇంజన్ పెంచితే నా ముక్కు లేచేది, కడుపు నీటిని వదిలేది, ఆ తర్వాత నేను ఈదేదాన్ని కాదు, పరిగెత్తేదాన్ని.

మనుషుల్ని నా అంత దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. వెళ్లేటప్పుడు దేవుళ్ల పేర్లన్నీ తలుచుకుని నా అంచు పట్టుకుంటారు. వచ్చేటప్పుడు "ఇంతేనా, ఇంకా స్పీడు పోదా?" అంటారు. సముద్రం చూడ్డానికి అంత దూరం వచ్చి, సముద్రానికి వీపు పెట్టి ఫోనులో తమ మొహం చూసుకుంటారు. ఒకాయన "ఇక్కడ లోతెంతుంటుందయ్యా?" అని అడిగితే "మునగడానికి సరిపోద్ది బాబూ" అన్నాడు బైరాగి. ఆయన ఇక ఒడ్డు చేరేదాకా నా అంచు వదల్లేదు.

బైరాగి ఇంట్లో ఒక పట్టింపు ఉంది. పడవలో ఉన్న మనుషుల్ని లెక్కపెట్టకూడదు. లెక్క నోటితో అంటే గంగమ్మ వింటుందని, విన్నాక తన వాటా అడుగుతుందని వాళ్ల తాత చెప్పిన మాట. మిగతావాళ్లు నవ్వేవారు. బైరాగి మాత్రం నవ్వులకు పట్టింపులు మార్చుకునే మనిషి కాదు. నేనూ ఆ ఇంటిదాన్నే కాబట్టి నాలో ఎంతమంది కూర్చునేవారో మీకూ చెప్పను.

మరి ఈతకు దిగినవాళ్లంతా తిరిగి ఎక్కారో లేదో ఎలా తెలుస్తుంది? దానికి ఆయనొక పద్ధతి పెట్టాడు. నాలో సీట్లు ఎన్నో అన్ని ఇత్తడి కొక్కేలు లోపలి గోడకు బిగించాడు. కొక్కేనికో ఎర్ర తువ్వాలు. ఎక్కేటప్పుడు తలా ఒక తువ్వాలు ఇస్తాడు. నీళ్లలోకి దిగేవాళ్లు దాన్ని కొక్కేనికి తగిలించి దిగాలి, ఎక్కగానే తీసి తుడుచుకోవాలి. కొక్కేల మీద ఎరుపు కనబడిందంటే ఎవరో ఇంకా నీళ్లలో ఉన్నారన్నమాట. ఎరుపు లేకపోతే బయల్దేరొచ్చు. నోటితో అంకె అనక్కర్లేదు. నా జీవితంలో ఆ పద్ధతి తప్పిన రోజు ఒక్కటే, ఆ ఒక్క రోజూ తప్పు పద్ధతిది కాదు.

ఆ రోజు సీట్లన్నీ నిండాయి. తాడు విప్పబోతుంటే ఉమామహేశ్ ఒక పెద్దావిడను వెంటబెట్టుకుని ఉరుక్కుంటూ వచ్చాడు.

"బైరాగన్నా, ఈ ఒక్కర్ని సర్దుకో. వాళ్ల బ్యాచ్ అంతా ముందు బోటులో వెళ్లిపోయింది. అక్కడ జాగా లేదు."

"ఇక్కడా లేదు బాబూ. సీటు మించితే పర్మిట్టు పీకీస్తారు."

"నేనున్నానుగా! రేపట్నుంచి నీకు పార్టీలు కావాలా, వద్దా?"

ఆ రెండో మాటకే బైరాగి తగ్గాడు. నన్ను నడిపేది పెట్రోలు అనుకుంటారు గాని, ఉమామహేశ్ పంపే టూరిస్టు పార్టీలు.

ఆవిడ పేరు మాణిక్యాంబ. తాడేపల్లిగూడెంలో పచ్చళ్ల కొట్టు. పుష్టిగా ఉండే మనిషి. ఎడమ వైపు వెనక మూల, మంచినీళ్ల పెట్టె మీద కూర్చుంది. నేను ఆ పక్కకు కాస్త ఒరిగాను. బైరాగి తను ఎప్పుడూ తొడుక్కోని లైఫ్ జాకెట్టు సీటు కిందనుంచి తీసి ఇచ్చాడు. తువ్వాళ్లు మాత్రం అయిపోయాయి.

"నాకెందుకండీ, నా తువ్వాలు నేనే తెచ్చుకున్నాను" అని సంచి తట్టి చూపించింది. "బాబూ, నాకు ఈత రాదు. అయినా ఒక్కసారి పీకల్లోతు నీళ్లలో నిలబడాలని చిన్నప్పట్నుంచీ కోరికండి. ఆవకాయ జాడీల్లో చేతులు పెట్టడంతోనే సరిపోయింది."

"నిలబడమ్మా. సముద్రం కూడా ఉప్పే, నీకు కొత్తేటుంది?" అన్నాడు బైరాగి. ఆవిడ పకపకా నవ్వింది.

ముంతదీవిలో అందరూ దిగారు. దీవి వెనక ఒక నల్లరాయి, దాని అవతల సన్నటి ఇసుక నాలుక. ఆటు మీదున్నప్పుడు అది చాలా ముద్దొస్తుంది. పోటు మొదలైతే చూస్తుండగానే మునిగిపోతుంది, దాని పక్కనుంచి వడి నేరుగా బయటి సముద్రానికి లాగుతుంది. మాణిక్యాంబ గవ్వలు ఏరుకుంటూ అటు వెళ్లింది. ఎవరూ చూడలేదు. నాలో ఉన్నవాళ్లకు ఆవిడెవరో తెలియదు. ఆవిడ బ్యాచ్ వాళ్లు ఆవిడ నాతో ఉందనుకుని నిశ్చింతగా ముందు వెళ్లిపోయారు.

గళ్ల టోపీ పెట్టుకున్న ఒకాయన తొందర మొదలుపెట్టాడు. కుటుంబంతో వచ్చాడు, వాళ్లకు మధ్యాహ్నం విమానం. అందరూ ఎక్కారు. తువ్వాళ్లు తీసుకున్నారు. బైరాగి కొక్కేల వైపు చూశాడు. ఎక్కడా ఎరుపు లేదు. లంగరు ఎత్తాడు.

నేను ముక్కు ఎత్తగానే నాకు తెలిసిపోయింది. పొద్దుటి నుంచి ఎడమకు ఒరిగి నడిచినదాన్ని తిన్నగా నడుస్తున్నాను. నా నడుము తేలికైంది. ఏ బోటుకైనా ఇది హాయి. నాకు మాత్రం ఆ హాయి నచ్చలేదు. చెప్పడానికి నోరు లేదు, కాని బైరాగి చేతిలో స్టీరింగు ఉంది. పొద్దుటి నుంచి కుడికి పట్టి ఉంచిన చెయ్యి, ఇప్పుడు అలాగే పడితే నేను కుడికి తిరిగాను. ఆయన చెయ్యి వదులు చేశాడు. మళ్లీ పట్టాడు. మళ్లీ వదిలాడు.

"ఏటే నీలమ్మా? పొద్దుట్నుంచీ ఒరిగిపోనావు. ఇప్పుడింత సక్కగా ఎలాగెల్తన్నావు?"

వెనక్కి తిరిగి చూశాడు. నీళ్ల పెట్టె ఖాళీగా ఉంది. ఇంజన్ తగ్గించి, నన్ను ఒక్క గుండ్రంలో వెనక్కి తిప్పాడు.

గళ్ల టోపీ లేచి నిలబడ్డాడు. "ఏమయ్యా, వెనక్కెందుకు? అందరం ఉన్నాం కదా! మా ఫ్లైట్ పోతుంది!"

"కూకోండి బాబూ. ఒక మడిసి లేదు."

"ఎవరు లేరు? కావాలంటే లెక్కపెట్టుకో!"

"లెక్కెందుకు? బోటు సెప్తంది."

"బోటు చెబుతోందా? మందు కొట్టావా పొద్దున్నే?"

ముంతదీవి వెనక్కి పోవాలంటే పగడపు దిబ్బను చుట్టుకుని లోతు దారిన వెళ్లాలి. అలా చుట్టేలోపు ఇసుక నాలుక మునిగిపోతుంది. అడ్డంగా దిబ్బ మీదుగా పోతే దగ్గర, కాని నీళ్లు చాలవు. బైరాగి నా అంచు మీద ఒకసారి చెయ్యి వేశాడు. "తట్టుకో" అన్నాడు. ఇంజన్లు పూర్తిగా తెరిచాడు.

తట్టుకున్నాను. నేను నీటి మీద ఎంత ఎత్తున పరిగెత్తగలనో ఆ రోజే నాకూ తెలిసింది. దిబ్బ దాటే ఆఖరి గజాల్లో పగడం నా కడుపును ముక్కు నుంచి నడుము దాకా చీల్చింది. ఎడమ ఇంజన్‌కు నీళ్లలో ఉండే కాలు విరిగింది. కుడి ఇంజన్‌తో రాతిని చుట్టాం.

మాణిక్యాంబ పీకల్లోతు నీళ్లలో, మునివేళ్ల మీద, సంచి నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. వడి ఆవిడ కాళ్లను లాగుతోంది. జాకెట్టు మనిషిని తేలుస్తుంది గాని ఒడ్డుకు చేర్చదు. కాళ్లు లేచిపోతే సముద్రం తీసుకుపోయేదే. బైరాగి నడుముకు తాడు కట్టుకుని దూకాడు. ఇద్దర్నీ లాగింది నాలో ఉన్న జనమే. గళ్ల టోపీ ఆయన కూడా తాడు పట్టాడు, అబద్ధం చెప్పను.

నా మీద పడగానే ఆవిడ అన్న మొదటి మాట: "కోరిక తీరిందండి. ఇక చాలు." ఆ తర్వాత ఒడ్డు వచ్చేదాకా సంచి ఒళ్లో బిగించి పట్టుకునే ఉంది. నీళ్లు తోడుకుంటూ, ఒంటి ఇంజన్‌తో చేరేసరికి విమానం వెళ్లిపోయింది.

తాడు పట్టిన ఆ చేతులతోనే గళ్ల టోపీ ఫిర్యాదు రాశాడు. సీట్లకు మించి ఎక్కించారు, బోటు పగిలింది, విమానం పోయింది. మూడూ నిజాలే. మూడు నిజాలు కలిపి ఎంత అన్యాయం చేయొచ్చో నేను అప్పుడే చూశాను.

పర్మిట్లు ఇచ్చే అధికారి వచ్చి జెట్టీ మీదే విచారణ జరిపాడు. మాణిక్యాంబ వేలెత్తి చూపించింది. "ఇదిగో, ఈ రుద్రాక్షలాయనేనండీ నన్ను ఎక్కించింది. నా దగ్గర సొమ్ము తీసుకుందీ ఈయనే."

ఉమామహేశ్ చేతులు జోడించాడు. "పాపం, పెద్దావిడ భయపడిపోయి ఉంది సార్. నా దగ్గర అన్నీ రాసే ఉంటాయి. సీట్లెన్నో అంతమందినే పంపాను. జెట్టీలో వీడే ఎవర్నో ఎక్కించుకున్నాడు." అంతవరకూ బైరాగన్న అయినవాడు ఒక్క మాటతో వీడైపోయాడు.

అధికారి బైరాగి వైపు తిరిగి హిందీలో అడిగాడు. "నీ బోటులో ఎంతమందిని ఎక్కించావు?"

ఇక్కడ ఒక్క అంకె చెబితే చాలు. సీట్ల అంకె చెప్పి, ఆ పైన ఒకర్ని ఉమామహేశ్ పంపాడంటే, మాటకు మాటగా నిలబడేది. బైరాగి తనకొచ్చిన హిందీలో ఉన్నమాట చెప్పాడు. "మేము మనుషుల్ని లెక్కపెట్టం సార్."

అధికారి పెన్ను ఆపి, ఆయన మొహం చూసి, మళ్లీ రాశాడు. పర్మిట్టు అక్కడే పోయింది.

కడుపు చీలినదాన్ని ఇసుకలో బోర్లా పడుకున్నాను. బాగు చేయించే శక్తి బైరాగికి లేదు. ఇనుమైతే తూకానికి పోతుంది, ఫైబర్‌ను పాతసామాన్ల వాడు కూడా ముట్టుకోడు. ఎవరో బంధువు పేరు మీద చివరికి నన్ను కొన్నది ఉమామహేశే. రంపంతో మధ్యకు కోయించి, ముందు సగాన్ని, కొత్తగా కట్టించిన తన రిసార్టు ఇసుకలో నిలబెట్టాడు. జనం నాలో కూర్చుని, కదలని స్టీరింగు పట్టుకుని, జుట్టు ఎగురుతున్నట్టు ఫొటోలు దిగుతారు. దిగనివ్వండి. నా మీద కూర్చున్నంతసేపూ వాళ్లు సముద్రం మీదున్నట్టే ఉంటారు. సగం బోటుకైనా అది చేతనైందంటే నేనెలాంటిదాన్నో మీరే ఆలోచించుకోండి.

ఎండకు ప్రిన్సెస్ పొట్టు రాలిపోయింది. అడుగున నీలమ్మ బయటపడింది.

ఆ అక్షరాలు చూసే మాణిక్యాంబ నన్ను గుర్తుపట్టింది. మరుసటేడు చెల్లెళ్లతో వచ్చి, భోజనానికి ఈ రిసార్టులో దిగింది. ఇత్తడి కొక్కేలను ఒక్కొక్కటే తడిమింది. ఎవరెవరినో పట్టుకుని బైరాగికి కబురు పంపింది. మళ్లీ పరాయి పడవలో వల లాగుతున్న బైరాగి, ఎర్రమ్మతో కలిసి సాయంత్రం వచ్చాడు. మాణిక్యాంబ మాగాయ జాడీ ఎర్రమ్మ చేతిలో పెట్టింది.

"నావల్ల మీకు ఏం పోయిందండీ?" అంది. "దాచకుండా చెప్పండి."

బైరాగి నా కొక్కేల వైపు చూస్తూ, "ఏటీ పోలేదమ్మా. నువ్వు దక్కినావు, సాలు" అన్నాడు.

ఎర్రమ్మ నా పక్కన తేలిన తల్లి పేరు మీద ఇసుకను చీరకొంగుతో తుడిచింది. మనుషుల్ని లెక్కపెట్టకూడదు గాని, నేలను లెక్కపెట్టకూడదని వాళ్లింట్లో ఎవరూ చెప్పలేదు.

"ఆయన సెప్పడు, నాను సెప్తాను. మాయమ్మ జీడితోటండి. ఎకరా పదిహేడు సెంట్లు."