ఫ్రాన్సుకు పారిపోయిన సింహాలు

అబ్బబ్బ, ఆ రోజు మా డోవర్ రేవులో ఎంత సందడి! మా రేవులన్నిటికీ పెద్ద, కొత్త వార్డెన్ దొర ఓడలో వస్తున్నాడు. ఆయన గట్టు మీద కాలు పెట్టగానే ఆయన జెండా పైకి లేవాలి. ఎరుపు సగంలో మూడు సింహాల ముందు భాగాలు, నీలం సగంలో వాటికే అతికిన మూడు ఓడల వెనక భాగాలు. సింహాలు జెండా కొయ్య వైపే చూడాలి. అవతలికి తిరిగితే పారిపోతున్నట్టే లెక్క.

ఆ సింహాల్ని కుట్టింది నేనే, ఐవీ పిల్చర్‌ని. "ఒక్క తప్పు దొర్లినా నీ కుర్చీ ఇంకొకరికి," అని మా పెద్ద కుట్టుమనిషి గాంబ్రిల్ ముందే తేల్చిచెప్పింది. తాడు దూర్చే పట్టీని మాత్రం చివర్లో ఎరుపు అంచుకి ఆవిడే కుట్టాలి. ఇంకొకరు ముట్టుకోకూడదు, అది మా ఆనవాయితీ.

కొయ్య చూసుకునే జబెజ్ జెండాను కాస్త పైకి లాగి పడీపడీ నవ్వాడు.

"ఓరి దేవుడా! సింహాలు సముద్రం అవతల ఫ్రాన్సుకి పరిగెడుతున్నాయే!"

"ఐవీ! ఏం చేశావే?" అని అందరి ముందూ అరిచింది గాంబ్రిల్.

నాకు ఒళ్లు మండిపోయింది. "నేనా? పట్టీని నీలం అంచుకి కుట్టారు. పట్టీ ఎవరు కుడతారో ఇక్కడ అందరికీ తెలుసు!"

అంతలో ఓడ కూత వినిపించింది. నేను జెండా దగ్గరికి పరిగెత్తి అరిచాను.

"దించవయ్యా! కత్తెర ఏదీ? జబెజ్, ఆ ఓడల మీద కూర్చో, గాలికి లేస్తోంది!"

"దొరగారి ఓడల మీదా?"

"కూర్చోమంటుంటే!"

పట్టీ ఊడదీసి గాంబ్రిల్ చేతికిచ్చాను. ఆవిడ సూది పట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఐవీ," అంది మెల్లగా, "ఎరుపు ఎటుందే?"

ఎరుపు ఆవిడ ఒళ్లోనే ఉంది, కళ్లకే ఆనడం లేదు. నా కోపం ఎక్కడికి పోయిందో! ఆవిడ చెయ్యి పట్టుకుని అంచు మీద పెట్టాను.

"ఇదిగో, మీ వేళ్ల కిందే. మీరు అటునుంచి కానివ్వండి, నేను ఇటునుంచి వస్తా."

ఆనవాయితీ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా సూదులు నడుమ కలిసేసరికి దొర గట్టు మెట్లెక్కుతున్నాడు. జబెజ్ తాడు లాగాడు. సింహాలు మూడూ కొయ్య వైపే ఉరిమి చూశాయి! జనం కేకలకు నేనూ గొంతు కలిపి అరిచాను.

"ఇంతకీ తప్పెవరిది?" అన్నాడు జబెజ్.

నేను నోరు తెరిచేలోపే గాంబ్రిల్ అంది, "నాదేనయ్యా. ఇకమీదట పట్టీ ఐవీ కుడుతుంది."

సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తన వేలి తొడుగు తీసి నా అరచేతిలో పెట్టింది. అది ఇంకా వెచ్చగానే ఉంది.