పన్నెండో బిళ్ళ

ఊరికి బయల్దేరే ముందు చేయవలసినవి: గ్యాసు కట్టేయాలి. పాలు వద్దని చెప్పాలి. బావమరిది ఇంటికి వెళ్ళే అత్తగారి మాత్రలు పూటకింతని డబ్బాలో సర్దాలి. కుండీలకు నీళ్ళు పోయమని పక్కింటి పిన్నిగారికి తాళంచెవి ఇవ్వాలి. గ్రంథాలయంలో వెనక్కొచ్చిన పుస్తకాలన్నీ బీరువాల్లోకి ఎక్కించి, అప్పుడు సెలవుచీటీ పెట్టాలి.

అన్నీ అయ్యాయి. అతను గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే ఉద్యోగి. ఎక్కడి వస్తువు అక్కడ లేకపోతే అతనికి అన్నం సహించదు. "నన్ను కూడా ఏదో ఒక అరలో పెట్టేస్తారు మీరు" అని భార్య వేళాకోళం చేస్తుంది.

నిరుడు వెళ్ళిన చిన్న దీవికే మళ్ళీ వెళ్ళారు. నాలుగు గుట్టలు, చుట్టూ నీళ్ళు, మధ్యాహ్నం పూట ఒక్క పడవ. అదే ఇల్లు, మేడమీద అదే గది. రెండు రోజులు తినడం, పడుకోవడం, కిటికీలోంచి సముద్రం చూడడం. మూడోరోజు మధ్యాహ్నం పడవకు తిరుగుప్రయాణం. ఆ పొద్దున్నే పెద్దగుట్ట ఎక్కుదామని బయల్దేరారు.

గుట్ట మొదట్లో ఒక చెక్క పలక, దానికి ఇరవై మేకులు, మేకుకో అంకె వేసిన ఇత్తడి బిళ్ళ. పైకి వెళ్ళేవాళ్ళు తలా ఒకటి మెడలో వేసుకోవాలి, దిగాక మళ్ళీ మేకుకు తగిలించాలి. సాయంత్రానికి మేకు ఖాళీగా ఉందంటే మనిషి పైనే ఉన్నట్టు. కావలివాళ్ళు వెతకడానికి వెళ్తారు. పన్నెండో మేకుకు మాత్రం బిళ్ళ లేదు, చుట్టూ నల్లరంగు పూసి ఉంది.

మెట్ల అంచులకు వెలిసిపోయిన సున్నం. రెండో మలుపు దాకా ఉంది, ఆ పైన వట్టి రాయి. ఎవరో చటుక్కున కుంచె ఎత్తేసినట్టు, ఒక మెట్టు సగంలో గీత ఆగిపోయింది. అక్కడినుంచి అతనికి కాళ్ళు ముందుకు పడలేదు. వెనక ఎవరో నడుస్తున్నట్టుంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

"ఏమిటి, అప్పుడే ఆయాసమా?" అంది భార్య.

ఇద్దరూ దిగివచ్చేశారు.

భోజనం వడ్డిస్తున్న ఇంటావిడను భార్య అడిగింది. "పెద్దమ్మగారూ, మీ తమ్ముడుగారు కనబడరేం? నిరుడు మా పెట్టెలు ఆయనే మోసుకొచ్చారు."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసింది. "వాడు పోయాడమ్మా. మీరు పడవెక్కిన రోజే. పొద్దున్నే సున్నంబకెట్టు పట్టుకుని గుట్టెక్కాడు. చీకటి పడినా రాలేదు. పరిగెత్తుకెళ్ళి చూస్తే వాడి పన్నెండో బిళ్ళ మేకుకే ఉంది. దిగిపోయాడు, ఏ చేపల పడవలోనో వెళ్ళుంటాడన్నారు కావలివాళ్ళు. మూడోరోజున లోయలో దొరికాడు. రెండు రోజులు ప్రాణంతోనే ఉన్నాడట." గొంతు తగ్గించింది. "ఆ బిళ్ళ ఎవరు పెట్టారో ఈ రోజుకీ తెలీదు. దెయ్యం పెట్టిందంటారు. గాలికి ఆ పలక గలగలమంటే నేను చెవులు మూసుకుంటాను."

అతని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నిరుడు చివరిరోజు గుట్ట దిగుతుంటే రెండో మలుపు దగ్గర గడ్డిలో ఏదో మెరిసింది. ఎవరో పారేసుకున్నారనుకుని, చొక్కాకి తుడిచి, కింద ఖాళీ మేకుకు తగిలించాడు. మంచిపని చేశానని సంతోషించాడు కూడా. ఆ వేళ లోయలో ఏదో పిట్ట కూసినట్టయింది. ఇద్దరూ ఒక్కక్షణం ఆగి విన్నారు.

భార్యకూ గుర్తొచ్చింది. బల్లకింద అతని మోకాలు గట్టిగా నొక్కి, "పడవ వేళవుతోంది, తినండి" అంది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. దెయ్యం నెత్తిమీద నేరం అలాగే ఉంటుంది.

"దెయ్యం కాదండీ" అన్నాడతను. "నేనే."

ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు.

"ఏ మలుపు?"

"రెండోది."

"ఆ రాత్రి నేను వెళ్ళి పిలిచుంటే పలికేవాడు నాయనా."

"నన్నేం చేయమంటారు పెద్దమ్మగారూ?"

"నువ్వేం చేస్తావు? వాడికి పెళ్ళామా, పిల్లలా? నా తరవాత వాణ్ణి తలుచుకునే దిక్కు లేదు. నువ్వు తలుచుకో. నలుగురికీ చెప్పు."

అందుకే ఈ కథ. చదివినవారు ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. పొట్టిగా ఉండేవాడు. ఎడమచేత్తో కుంచె పట్టేవాడు. పెట్టె మోస్తూ కూడా పాడేవాడు. ముసురు పట్టిన రోజున ముక్కూమొహం తెలియని వాళ్ళకు అడుగు కనబడాలని, చెప్పేవాళ్ళు లేకపోయినా, మెట్టుమెట్టుకీ సున్నం పూసేవాడు.